అంటని జబ్బు

నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసిన వేసవి అది. నాన్నకు ఛాతీ బరువెక్కి చెమటలు పట్టడంతో నాయుడుపేటలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాను. చొక్కా విప్పగానే సోరియాసిస్ పొలుసులు చూసి, ఈసీజీ తీసే అతను వెనక్కి జరిగాడు.

"ఇదేంది? నాకంటుకుంటే? ముందు చర్మం డాక్టరుకు చూపించుకోపోండి."

"ఇది అంటదన్నా. నొప్పి గుండెలో. వైర్లు పెట్టు."

అతను కదలలేదు. మిషన్ మీది బొమ్మ చూసి వైర్లన్నీ నేనే పెట్టాను.

"చొక్కా ఇయ్యిరా, ఇంటికి పోదాం," అన్నారు నాన్న గోడవైపు తిరిగి.

ఈసీజీ చూసి గుండెపోటేనని తేల్చిన డాక్టరు గారు అడిగారు: "సోరియాసిస్ ఉంటే గుండెకు, రక్తనాళాలకు కూడా ముప్పు ఎక్కువ. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించలేదా?"

ఇన్నేళ్లూ చర్మం డాక్టర్లందరూ బల్ల అవతలి నుంచే పూతమందు రాసిచ్చారు. ఎవరూ నాన్న చెయ్యి పట్టుకుని బీపీ చూడలేదు.

నాన్న బతికారు. అదంతా తలచుకుంటే నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.