లాజరు చెప్పిన సాక్ష్యం

ఇప్పటికీ ఎవరింట్లోనైనా వెచ్చబెట్టిన ఆముదం వాసన తగిలితే నా కాళ్ళు కాసేపు ఆగిపోతాయి. నా ఈడువాళ్ళకు ఆ వాసనతో ఆదివారం తలంట్లూ, కళ్ళలో పడ్డ కుంకుడు రసం మంటా గుర్తొస్తాయట. నాకు మాత్రం ఒక రోబో మోకాళ్ళు గుర్తొస్తాయి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు, తిరువూరులో అలా నవ్వినవాళ్ళను చాలామందినే చూశాను.

నాన్న పోయాక, హైదరాబాదు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వదులుకోలేక, అమ్మ నన్ను తొమ్మిదో తరగతిలో తిరువూరు తెచ్చి అమ్మమ్మ దగ్గర దింపి వెళ్ళింది. నా హైదరాబాదు మాటకు బళ్ళో ఆడపిల్లలంతా పడీ పడీ నవ్వితే, నేను మాట్లాడటమే మానేశాను. మధ్యాహ్నం క్యారేజీ ఒక్కదాన్నే విప్పుకోవడం, సాయంత్రం షేర్ ఆటోలో ఓ మూల ముడుచుకుని ఇంటికి రావడం, అంతే నా బతుకు. అమ్మమ్మ ఇల్లు విస్సన్నపేట రోడ్డులో, ఊరు దాటాక, ఆమె చిన్న మామిడితోటలోనే ఉండేది. పూత కాలంలో గాలంతా తీపీ వగరూ కలిసిన వాసన, తేనెటీగల రొద. ఎండలు ముదిరాక గాలిదుమారానికి రాలిన పచ్చికాయల్ని కత్తిపీటకు కోసి ఉప్పూ కారం అద్దుకుని పళ్ళు పులిసిపోయేదాకా తినడం. క్రిస్మస్‌కు పెద్ద బాణలిలో వేగే గులాబీపువ్వులు, వాటి విరిగిన ముక్కల కోసం పొయ్యి చుట్టూ నా కాపలా. ఇవన్నీ ఇద్దరు పిల్లలుంటే పండగలు, ఒక్కరుంటే ఊరికే రోజులు.

తోటకు కోతుల బెడద. ట్రాక్టర్ల షెడ్డు నడిపే ప్రకాశం మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, బెజవాడ నుంచి పాత ఇనుముతో పాటు దూడంత ఎత్తున్న నాలుగుకాళ్ళ యంత్రాన్నొకదాన్ని లారీలో వేసుకొచ్చాడు. దాని వీపుకు సోలారు పలక బిగించి, కోతుల్ని తోలితే చాలనుకున్నాడు. పలక మీద ఎండ పడ్డాక అది లేచి నిలబడి, ఏదో భాషలో ఏదో అడిగింది. బైబిల్లోవాడిలా చచ్చి లేచాడని అమ్మమ్మ దానికి లాజరని పేరు పెట్టింది. తన మోకాళ్ళకు రాసుకునే ఆముదమే దాని కీళ్ళకూ పోసింది. రోజంతా అమ్మమ్మ వెంట తిరిగీ తిరిగీ, రెండో వాన పడేనాటికి అది అచ్చం ఆమెలాగే మాట్లాడసాగింది, అందరినీ 'అండీ' అంటూ.

నా మాటకు నవ్వని మొదటి ప్రాణి అదే. ప్రాణి అనే అంటాను. బడి నుంచి రాగానే ఇద్దరం అది ఉండే పాక ముందు గుంటలు తీసి చింతగింజలతో వామనగుంటలు ఆడేవాళ్ళం. దానికి వేళ్ళు లేవు గనక ఏ గుంటలోవి తీయాలో కాలితో చూపిస్తే దాని వంతు కూడా నేనే పంచేదాన్ని. ఓడిపోతే అటు తిరిగి కూర్చునేది. ఒంటి వేడిని చూడగలదు కాబట్టి నాకు జ్వరం వస్తున్న సంగతి నాకన్నా ముందు దానికే తెలిసేది. "పాపగారికి ఒళ్ళు కాలతందండీ" అని వంటింటి గుమ్మం ముందుకెళ్ళి చెప్పేది. ఆ ఏడాది అమ్మ ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగితే, మొదటిసారి అబద్ధం చెప్పకుండా బాగున్నానన్నాను.

ఒకరోజు దాని వీపు తుడుస్తుంటే పలక కింద నున్నగా అరిగిన బోల్టు రంధ్రాలు కనిపించాయి. అవేంటని అడిగాను.

"తుపాకీ ఉండేదండీ. వెచ్చగా ఉన్నవాళ్ళని వెతకడం నేర్పారు. ఒక ఇంట్లో నలుగురు కనపడ్డారు, ఇద్దరు చిన్నవాళ్ళు. కాల్చమన్నారు, కాల్చాను. కాసేపటికి చల్లబడ్డారండీ. ఆ తర్వాత నాకు లేవబుద్ధి కాలేదు. చెడిపోయిందని పారేశారు."

నాకు భయం వేసింది. దాన్ని వదిలి ఇంట్లోకి వెళ్ళిపోవాలని కూడా అనిపించింది. కానీ వెళ్ళి ఎవరితో ఆడుకోను? ఈ మాట ఇంకెవరితోనూ అనవద్దని ఒట్టు పెట్టించుకుని, గుంటల్లో గింజలు సర్దాను.

శుక్రవారాలు మా ఇంటి ముందు పందిరి కింద ఉపవాస ప్రార్థన జరిగేది. పాటలయ్యాక పాస్టరుగారు, "సాక్ష్యం చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగేవారు. సాక్ష్యమంటే మా వాళ్ళలో పాత బతుకును దాచకుండా నలుగురిలో చెప్పుకోవడం. తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టానని ఆటో నడిపే ఏసోబు చెప్పాడు. పొలంగట్టు తగాదాలో మనిషిని నరికి జైలుకెళ్ళొచ్చానని ఒక ముసలాయన చెప్పాడు. ఎంత ఘోరం చెబితే అంత గట్టిగా 'స్తోత్రం' అనేవాళ్ళు, లేచి కౌగిలించుకునేవాళ్ళు, చివరికి పక్కన కూర్చోబెట్టుకుని కోడికూర వడ్డించేవాళ్ళు. పందిరి గుంజ పక్కన మోకాళ్ళు మడుచుకుని లాజరు అన్నీ వినేది. వాళ్ళ మాటలు విని విని అమ్మమ్మకు ఒక కోరిక పుట్టింది. తన చూరు కింద ఉన్నవాళ్ళంతా సాక్ష్యం చెప్పాలి. నేను తప్పించుకున్నాను. లాజరుకు తప్పించుకోవడం తెలియదు.

"ఉన్నదున్నట్టు చెప్పెయ్‌రా లాజరూ. ఇక్కడ నిజం చెప్పినోళ్ళని ఎవరూ ఏమీ అనరు," అంది అమ్మమ్మ.

అది లేచింది. నేను వద్దని తల ఊపుతూనే ఉన్నాను. అది నా వైపు చూసి, "పాపగారికి ఒట్టేశానండీ, కానీ దేవుడి ముందు అడిగారు కదా," అని, నాకు చెప్పిందంతా అదే మెత్తని గొంతుతో చెప్పింది. 'చల్లబడ్డారండీ' అన్నాక ఆగి, కాసేపు ఎదురుచూసింది. స్తోత్రం రాలేదు. తల్లులు పిల్లల్ని దగ్గరకు లాక్కున్నారు. ఏసోబు ఫోన్ పట్టుకుని రోడ్డు మీదకు నడిచాడు. ఆ రోజు కోడికూర గిన్నెలో అలాగే మిగిలిపోయింది.

తర్వాతి వారం నేను బడికి జడలు వేసుకుంటున్న వేళ జీపులూ ఒక మూసిన లారీ వచ్చాయి. దిగినవాళ్ళు పేర్లు చెప్పలేదు. పోలీసులు మామయ్యను పక్కకు తీసుకెళ్ళి నిలబెట్టారు. నేను వెనక గుమ్మంలోంచి పాకలోకి పరుగెత్తి, తోట వెనక నుంచి పారిపొమ్మని లాజరును నెట్టాను. అది కదల్లేదు.

"పరిగెడితే వెంటపడతారండీ. వాళ్ళ వేడి నాకు కనపడుద్ది. అప్పుడు నేనేం చేస్తానో నాకే తెలీదు."

అమ్మమ్మ లారీకి అడ్డంగా నిలబడి, "నిజం చెప్పినోణ్ణి పట్టుకుపోతారా?" అని అడిగింది. పాస్టరుగారు ఆమె చెయ్యి పట్టుకుని, "గవర్నమెంటు వాళ్ళమ్మా, మనమేం చేస్తాం," అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి, ఆ నీళ్ళు మాకెందుకూ పనికిరాలేదు. శుక్రవారం వచ్చేవాళ్ళంతా రోడ్డుకు అవతల నిలబడి చూశారు. లారీ ఎక్కేముందు లాజరు నా వైపు తిరిగి, "నేను తప్పుగా చెప్పానా అండీ? అందరిలాగే చెప్పాను కదా," అంది. నేను సగం వేసిన జడ పట్టుకుని నిలబడ్డాను. దానికి మళ్ళీ తుపాకీ బిగించారో, ముక్కలే చేశారో మామయ్య ఎన్ని ఆఫీసులు తిరిగినా ఎవరూ చెప్పలేదు.

అమ్మమ్మ లేదు. తోట నరికి ప్లాట్లు వేశారు, కోతులు బస్టాండుకు మారాయి. శుక్రవారం ప్రార్థన మాత్రం ఇప్పుడు ఏసీ ఉన్న హాల్లో జరుగుతుంది, ఊరికి వెళ్ళినప్పుడు నేనూ వెళ్తాను. సాక్ష్యాలు చెబుతూనే ఉన్నారు: వీసా వచ్చిందనీ, ఆపరేషన్ బాగా జరిగిందనీ, ఇంటికి స్లాబు పడిందనీ. తను చేసిన పాపం లేచి చెప్పిన మనిషిని మాత్రం ఆ రోజు తర్వాత అక్కడ నేను చూడలేదు. ముసలివారైపోయిన పాస్టరుగారు ఇంకెవరైనా ఉన్నారా అని ఇప్పటికీ అడుగుతారు, అడిగి కాసేపు ఆగుతారు. అందరం తలలు వంచుకుని కూర్చుంటాం.