యాదలక్ష్మి వేరు చేసిన చీమ

యాదలక్ష్మి మా కాలేజీ జువాలజీ ల్యాబులో అటెండరు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఇరుక్కున్న చిన్న జూనియర్ కాలేజీ మాది. నేను బాటనీ చెప్పేదాన్ని. రెండు సబ్జెక్టులకూ ల్యాబు ఒకటే కాబట్టి ఆమెను పదమూడేళ్లు రోజూ చూశాను. పుట్టిల్లు అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర పల్లె. పదో తరగతి పాసైంది, ఆ పైన చదివించలేదు. భర్త బాలరాజ్ ఆటో నడిపేవాడు. మీర్‌పేట్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు.

పొద్దున తొమ్మిదికల్లా వచ్చి మైక్రోస్కోపుల అద్దాలు తుడిచేది, సీసాల్లో స్పిరిట్ తగ్గితే పోసేది. తుడిచిన ప్రతి మైక్రోస్కోపులోకీ ఒకసారి కన్ను పెట్టి చూసేది. సాఫ్ అయిందో లేదో చూస్తున్నానని అనేది గానీ, చూడడం ఆమెకు ఇష్టమని మా అందరికీ తెలుసు.

జువాలజీ చెప్పే త్రినాథరావు గారిది అమలాపురం వైపు. కొన్నాళ్లు అస్సాంలో పనిచేసి, తర్వాత ఇక్కడికొచ్చి కొత్తపేటలో ఇల్లు కట్టుకున్నారు. ఆయనకు చీమల పిచ్చి. అందులోనూ ఒక తీరు చీమ మీద మరీనూ. అది పొడుగాటి దవడలు రెండు పక్కలకీ బార్లా తెరుచుకుని నడుస్తుంది. దవడల దగ్గరున్న సన్నటి వెంట్రుకలకు ఏదైనా తగిలిందా, ఎలుకలబోను పడ్డట్టు టక్కున మూసుకుంటాయి. గట్టి దానికి తగిలి మూసుకుంటే ఆ ఊపుకి చీమే వెనక్కి ఎగిరి పడుతుంది. అస్సాం నుంచి తెచ్చిన ఆ చీమలు ఆయన పెట్టెలో గుండుసూదుల మీద వరసగా ఉండేవి. గోడ మీద భారతదేశం పటం, పుస్తకాల్లో ఆ జాతి దొరికిందని చదివిన చోటల్లా ఎర్ర చుక్క. మన చుట్టుపక్కల మాత్రం ఒక్క చుక్కా లేదు. అవి తడి అడవుల చీమలని, ఈ ఎండు నేలలో బతకవని ఆయన పిల్లలకు చెప్పేవారు.

2011 వానాకాలంలో ఒకరోజు ఆయన క్లాసు చెబుతుంటే యాదలక్ష్మి ట్రేలు సర్దుతూ విన్నది. పిల్లలు వెళ్లిపోయాక మెల్లగా అన్నది.

"సార్, గసుంటిది మా ఊర్ల ఉంటది. గెట్టు మీద రాళ్ల కింద. మేం చిటికె చీమ అంటం. గింత పెద్దగుండది గానీ, దవడలు గట్లనే తెరుస్తది."

త్రినాథరావు గారు నవ్వలేదు. తెచ్చి చూపించమన్నారు. దొరికిన ఊరు, తేదీ, నేల రకం కాగితం మీద రాసి సీసాలో వెయ్యమన్నారు. సోమవారానికి ఆమె ఆరు చీమలు తెచ్చింది. ఆయన మైక్రోస్కోపులో చూసి, ఇది అస్సాం చీమే, ఎండు నేలలో తిండి చాలక పొట్టిదైందని తేల్చారు. అప్పటికే ఆయన కంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్ వాయిదా వేసుకుంటూ వస్తున్నారు. లేబుల్ రాసి పెట్టమని యాదలక్ష్మికి చెప్పి ఇంటికెళ్లారు.

ఆమె లేబుల్ రాయలేదు. అస్సాం చీమనూ తన ఊరి చీమనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. అస్సాం చీమ తల వెనక రెండు నల్లటి గీతలు దిగివచ్చి ఇంగ్లీషు వీ అక్షరంలా కలుస్తాయని సారు క్లాసులో ఎన్నోసార్లు చెప్పగా విన్నది. అది కనబడింది. తన చీమలకు ఆ గీతలు లేవు. తల వెనక అంచు గుండ్రంగా, గిన్నె అంచులా తిరిగి ఉంది. ఆరింటికీ అంతే. నన్ను పిలిచి చూపించింది. నాకూ అలాగే కనబడింది. సారుకు తనే చెబుతానన్నది.

చెప్పేలోపే తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. కాలేజీలు మూతపడ్డాయి, వారం తిరక్కుండా బస్సులూ ఆగిపోయాయి. యాదలక్ష్మి బస్తీ ఆడవాళ్లతో కలిసి ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పుకు పోయింది. రోడ్డు మీద పొయ్యి పెట్టి పెద్ద గంజులో పప్పన్నం వండి, అక్కడే అందరికీ వడ్డించారు. సాయంత్రం అటునుంచి అటే కొత్తపేట నడిచి త్రినాథరావు గారింటికి వెళ్లింది. చీర నిండా పొగ వాసన.

ఆ రోజుల్లో ఆయన బయటికి రావడం తగ్గించారు. తలుపు తీసిన భార్య సుమిత్రమ్మ, జెండాలతో మనుషులెవరైనా వెంట వచ్చారేమోనని వీధి అటూ ఇటూ చూసిందట. సంచిలోంచి రెండు సీసాలు, ఒకదాంట్లో సూదితో సహా అస్సాం చీమ, ఇంకోదాంట్లో ఊరి చీమలు, బయటికి రాగానే ఆవిడ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

త్రినాథరావు గారింట్లో పాత మైక్రోస్కోపు ఒకటుంది. భూతద్దం కూడా తెచ్చుకుని, దీపం దగ్గరికి జరిపి, పదే పదే చూశారు. చివరికి కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"తప్పు నాదేనమ్మా. ఇది అస్సాం చీమ కాదు. దానికి చుట్టం, అంతే. ప్రజాతే వేరు. నువ్వు చెప్పకపోతే తప్పుడు పేరుతో పెట్టెలో పడుండేది."

కాఫీ తాగాక ఆయన ఇంకో మాట అడిగారు. ఎన్నాళ్లనుంచో లోపల ఉన్నట్టుంది.

"మమ్మల్ని వెళ్లిపోమంటారా యాదలక్ష్మీ?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. "ఎందుకు పోవాలె సార్? మా రాష్ట్రం మాకు కావాలంటున్నం. మా పోరగాండ్లకు నౌకర్లు కావాలంటున్నం. మీ ఇల్లు ఎవరడిగిన్రు? మీరు పోతే నాకు ఇంకా ఎన్ని చీమలున్నయో ఎవరు చెప్తరు?"

సుమిత్రమ్మ ఆ మాట విని, ఇంకో గ్లాసు కాఫీ తెస్తానన్నది.

నలభై రెండు రోజుల సమ్మెలో యాదలక్ష్మి ధర్నాలకు పోని రోజుల్లో చీమలు ఏరింది. ఆటోలు తిరిగిన నాడు బాలరాజ్ దింపేవాడు, లేని నాడు నడక. అబ్దుల్లాపూర్‌మెట్ చుట్టూ పల్లెలు, హయత్‌నగర్ పక్క గుట్టలు, మీర్‌పేట్ చెరువుకట్ట, మొత్తం పదకొండు చోట్లు. తొమ్మిదింట దొరికింది. కొత్తపేట పండ్ల మార్కెట్ వెనక కుళ్లిన బత్తాయిల కుప్పల దగ్గర ఒక పూటంతా వెతికింది, అక్కడ లేదు. లేదన్నది కూడా రాసుకోవాలని త్రినాథరావు గారు చెప్పారు, రాసింది. ఆయన పటానికి హైదరాబాదు ముక్క ఒకటి పెద్దదిగా గీసి చుక్కలు పెట్టారు.

సమ్మె ముగిశాక చీమల్ని బెంగళూరులో చీమల మీద పరిశోధన చేసే ఒకాయనకు పంపారు. జనవరిలో జవాబొచ్చింది. ప్రజాతి వేరన్నది నిజమేనని, ఇన్ని చోట్ల నుంచి ఇంత శుభ్రమైన వివరాలతో రావడం అరుదని, వేరు చేసినవారెవరో చెప్పమని అడిగారు. చిన్న పత్రికలో రెండు పేజీల వ్యాసం వేయాలనుకున్నప్పుడు మా కరస్పాండెంటు, అటెండరు పేరు వేస్తే బాగుంటుందా అని సందేహపడ్డారు. చూసినవాళ్ల పేరు ఉండాలని త్రినాథరావు గారు అన్నారు. ఇద్దరి పేర్లతోనే వచ్చింది. కాగితం పట్టుకుని ఆమె తన పేరు మీద వేలు పెట్టి, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చదువుకుంది. ఆ ఎండాకాలం ఆయన కంటి ఆపరేషన్ చేయించుకున్నారు. దవాఖానలో తోడున్నది బాలరాజ్.

తెలంగాణ వచ్చింది. త్రినాథరావు గారు కొత్తపేటలోనే ఉండిపోయారు. ఆ మరుసటి ఏడు మీర్‌పేట్‌లోని ఒక డిగ్రీ కాలేజీవాళ్లు పిల్లలకు చీమలు ఏరడం చూపించమని యాదలక్ష్మిని పిలిచారు. తోడు రమ్మని నన్ను అడిగితే వెళ్లాను. చీమను వేళ్లతో పట్టొద్దని, రాయి ఎత్తినాక మళ్లీ అట్లనే పెట్టాలని, తేదీ రాయని చీమ ఎందుకూ పనికిరాదని మైకు ముందు పది నిమిషాలు మాట్లాడింది. పిల్లలు ప్రశ్నలు అడిగారు. రెండింటికి తెలవదన్నది, సారును అడిగి చెబుతానన్నది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నా చెయ్యి పట్టుకుని అన్నది, "మైకుల నా గొంతు గంత పెద్దగొస్తదని నాకు ఎరుకే లేదు మేడం." ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉంది.