గ్లేసియర్ ఎక్కని గ్లేసియర్ మేడం

ఆ విహార నౌకలో టూర్ల కౌంటర్ మూడో అంతస్తులో, లిఫ్టుకీ ఐస్‌క్రీం మిషనుకీ మధ్య ఉండేది. ఓడ ఆగే రేవుల్లో దిగి ఏం చూడాలన్నా ప్రయాణికులు అక్కడే టిక్కెట్లు కొనుక్కోవాలి. ఆ కౌంటర్లో కూర్చునే ఆవిడను ఓడ సిబ్బంది అంతా గ్లేసియర్ మేడం అనేవాళ్ళు. గ్లేసియర్, అంటే కొండల మధ్య పేరుకుపోయిన మంచు మీద, గైడు వెంట, నడుముకు తాడు కట్టుకుని నడిచే టూరొకటి ఉండేది. దాన్ని ఆవిడలా అమ్మినవాళ్ళు ఆ ఓడలో లేరు.

అంతకు ముందు ఆవిడ ఒక ఫర్నిచర్ షాపులో పరుపులు అమ్మేది. పడుకుని చూడని పరుపు గురించి కూడా, ఇప్పుడే పడుకుని లేచినంత హాయిగా చెప్పేది. ఓడలోనూ అదే విద్య. "మెత్తటి మంచండీ, మబ్బు మీద నడిచినట్టుంటుంది" అనేది, అరచేత్తో గాలిని నిమురుతూ. నిజానికి ఓడ ఆ రేవులో ఆగిన రోజున ఆవిడ నీటిమట్టానికి కింద, కిటికీ లేని గదిలో, ముసుగు తన్ని పడుకునేది.

ఒకనాడు ఒక అత్తగారు ఇద్దరు అల్లుళ్ళను వెంటేసుకుని కౌంటర్ దగ్గరికి వచ్చింది. చాలాకాలం లాండ్రీ షాపు నడిపిన మనిషి. కూతుళ్ళిద్దరూ తల మసాజుకి పోతూ, టూరు ఎంచే పని మొగుళ్ళకు వదిలేశారు. పెద్దల్లుడు బ్యాంకు మేనేజరు, చిన్నల్లుడికి టైల్స్ షాపు.

"మూడు రకాలున్నాయండీ" అంటూ మేడం పటం పరిచింది. "బస్సులోంచి చూడ్డం ఒకటి. మంచు అంచుదాకా నడవడం ఒకటి. పైకెక్కడం ఒకటి."

పెద్దల్లుడి చూపు బస్సు బొమ్మ మీదే ఉంది. "తమ్ముడికి మోకాలు నొప్పి కదా, బస్సయితే సుఖం" అన్నాడు.

"నా మోకాలికేం? అన్నయ్యగారికి బీపీ అని నేనే ఆలోచిస్తున్నా" అన్నాడు చిన్నల్లుడు. "మేడం, నాకు అంచుదాకా నడిచేది ఇవ్వండి."

"అయితే నాకు పైకెక్కేది."

"నాకూ ఎక్కేదే. అంతకంటే కష్టమైంది లేదా?"

మేడానికి ఇది కొత్త కాదు. తోడల్లుళ్ళో, తోడికోడళ్ళో, ఒకే ఆఫీసువాళ్ళో జంటగా వస్తే ఆవిడ నోరు విప్పే పనే ఉండేది కాదు. టూరు దానంతటదే అమ్ముడుపోయేది.

అత్తగారు మాత్రం అల్లుళ్ళను వదిలేసి మేడం వైపు తిరిగింది. "నువ్వెక్కావా అమ్మాయ్?"

"లెక్కలేనన్నిసార్లు అమ్మగారూ! మెత్తగా, మబ్బు మీద నడిచినట్టుంటుంది."

ఆ మాటకు వెనక గదిలోంచి టూర్ల మేనేజరు తల బయటపెట్టాడు. టూరు వెంట వెళ్ళాల్సిన ఉద్యోగి మెట్ల మీద జారి, చీలమండ వాచి పడుకున్నాడట. "మంచిదైంది. రేపు వీళ్ళ వెంట నువ్వే వెళ్ళు. నీకు అలవాటేగా" అన్నాడు.

కాదంటే అబద్ధం బయటపడుతుంది. "అలాగే సార్" అంది మేడం.

మర్నాడు అల్లుళ్ళతో పాటు అత్తగారూ కర్ర పట్టుకుని బయల్దేరింది. మంచు దగ్గర గైడు బూట్లకు కట్టుకునే ఇనప ముళ్ళు పంచాడు. మేడం కుడివి ఎడమ కాలికి కట్టుకుంది. గైడు వంగి, విప్పి, మార్చి కట్టాడు.

మంచు మెత్తగా లేదు. మట్టి పట్టిన గాజుముక్కలను కుప్ప పోసినట్టుంది. ముక్కు కారుతోంది, తుడుచుకుందామంటే చేతికి రెండు జతల గ్లవ్సులు. తోడల్లుళ్ళ మొహాల్లో నెత్తురు చుక్క లేదు.

"బావుంది కదా అన్నయ్యగారూ?"

"బ్రహ్మాండం."

వెనక్కి పోదామని ముందు ఎవరు నోరు జారినా, ఆ ముక్క జీవితాంతం వినాల్సి వస్తుంది. అందుకని ఇద్దరూ మేడం మీద ఆశ పెట్టుకున్నారు.

"మేడం, మీరిన్నిసార్లు వచ్చారు. మామూలుగా ఇక్కణ్ణుంచే తిరిగిపోతారు కదూ?" అన్నాడు పెద్దల్లుడు.

ఏటవాలు మధ్యలో మేడం కాళ్ళు బిగుసుకుపోయాయి. తాడు ఆగిపోయింది, దాంతోపాటు మనుషులూ ఆగిపోయారు. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి.

వెనకే వస్తున్న అత్తగారు కర్ర మంచులో గుచ్చి నిలబడింది. "ఏమైందమ్మా?"

"నేనెప్పుడూ రాలేదమ్మగారూ. ఇదే మొదలు."

"తెలుసులే. మంచు గురించి అడిగితే మంచం గురించి చెప్పినట్టు చెప్పావు. మెత్తగా ఉంటుందిట, మెత్తగా!"

మేడం ఏడుస్తూనే నవ్వింది. ఆ నవ్వుకు మోకాళ్ళు కాస్త వదులయ్యాయి. "పాదం మొత్తం ఆనించి గట్టిగా తొక్కండి. మంచుకేం నొప్పి పుట్టదు" అని పైనుంచి గైడు కేకేశాడు. తొక్కింది. ముళ్ళు దిగాయి.

ఇంకాస్త ఎక్కాక ఒక పగులు దగ్గర గైడు అందరినీ ఆపాడు. లోపలికి చూస్తే నీలం, నీలం కింద ఇంకా చిక్కటి నీలం, అడుగున ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు. దీన్ని ఏమని చెప్పి అమ్మాలా అని మేడం అలవాటు కొద్దీ వెతుక్కుంది. మాట దొరకలేదు. తోడల్లుళ్ళు ఒకరి భుజం ఒకరు గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. ఫోటో కోసమని ఇద్దరూ చెప్పారు.

తిరిగొచ్చాక మేడం కౌంటర్లో ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెట్టింది. "ముక్కు కారుతుందండీ. తొడలు వణుకుతాయి. పైన టాయిలెట్ ఉండదు. నేనైతే ఏడ్చాను." ఇక టిక్కెట్లు తెగవు, తన ఉద్యోగం ఊడినట్టే అనుకుంది.

జనం ఎగబడ్డారు. "ఏడుపొచ్చే టూరంటే ఇదేనా?" అని పై అంతస్తుల నుంచి దిగొచ్చి మరీ అడిగారు. బస్సు టూరు కొన్నవాళ్ళు సిగ్గుపడి మార్చుకున్నారు. మేనేజరు ఉబ్బితబ్బిబ్బయి, "టాయిలెట్ లేదు, ఏడుపు ఖాయం" అని బోర్డు పెట్టించి, ధర పెంచాడు. ఈ సంగతి తెలిసి కంపెనీ పెద్దాఫీసు, ఇకపై అన్ని ఓడల్లోనూ టూర్లు అమ్మేవాళ్ళు "నేనక్కడ ఏడ్చాను" అని తీరాలని ఉత్తర్వు పంపింది. ఏ మాట దగ్గర గొంతు వణకాలో కూడా అందులో రాశారు.

మేడం పక్కన కొత్తగా చేరిన అమ్మాయి రెండో రోజుకే ఆ మాట చెప్పి కళ్ళొత్తుకుంది. ఆ పిల్ల ఇంకా మంచు మొహమే ఎరగదు.

మేడం టూరు వెంట వెళ్ళే పని తనకిమ్మని మేనేజరును అడిగింది.

"పిచ్చా నీకు? నువ్వు ఏడిస్తే వచ్చే లాభం ఇంకెవరు ఏడ్చినా రావట్లేదు" అన్నాడు.

దాంతో ఓడ ఆ రేవులో ఆగినప్పుడల్లా, తాడు చివర చోటుంటే ఊరికే వెళ్ళిరావడం మొదలుపెట్టింది. గైడు అడ్డు చెప్పలేదు. ఆవిడ కాలిగోళ్ళు నల్లబడ్డాయి. ఆ పగులు దగ్గర కాసేపు నిలబడి, నీళ్ళ చప్పుడు విని వచ్చేది.

"ఏముందక్కా అక్కడ, పనిగట్టుకుని వెళ్తావు?" అంది ఒకరోజు, ఓడ సెలూన్లో మేడం జుట్టు కత్తిరిస్తూ, ఆవిడ గదిలోనే ఉండే అమ్మాయి.

"బావుంటుంది" అంది మేడం.

"అంతేనా?"

"అంతే."

"సరేగానీ, ఆ తడి మేజోళ్ళు నా తలగడ పక్కన ఆరెయ్యకక్కా. కంపు."