మొక్కు కోసం ఆపిన వైద్యం

ఆ ఆదివారం మధ్యాహ్నం మగ్గం చప్పుడు మారింది, ఎవరూ ఆపలేదు. మాది నగరి. ఇంటి కింది భాగంలో మరమగ్గాలు, పైన కాపురం. నూలు తెగితే చప్పుడు మారుతుంది, మగ్గాల ఇళ్లలో పుట్టినవాళ్లు నిద్రలో ఉన్నా లేచి వెళ్లి ఆపుతారు. మా అబ్బాయి శరవణ చిన్నప్పటి నుంచీ అలా ఆపేవాడు. నేను వంటింట్లోంచి దిగి చూస్తే వాడు మగ్గం ఎదురుగానే నిలబడి ఉన్నాడు. గుడ్డ పాడైపోతోంది. వాడు దాన్ని చూసి నవ్వుతున్నాడు. అప్పటికి వాడికి పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం.

మా ఆయన వచ్చి చెంప పగలగొట్టాడు. దాంతో సరిపోయిందనుకున్నారు అందరూ. నాకు మాత్రం వాడి నవ్వు మనసులోంచి పోలేదు.

తర్వాత ఒక్కొక్కటే బయటపడింది. కళ్లు ఎర్రగా ఉండేవి. చొక్కా ఉతకబోతే జేబులో కంటి చుక్కల మందు దొరికింది. రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. ఒకరోజు నా పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు: "అమ్మా, మగ్గం నన్ను తిడతా ఉండాది. నీకు ఇనపడలేదా?"

మా అత్త గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. చిత్తూరులో చూపిస్తే అక్కడి డాక్టరు నిద్రకు మాత్రలు రాసి, తిరుపతిలో సైకియాట్రీ ఓపీకి పొమ్మన్నాడు. ఆ మాటకే మా ఆయన ముఖం మాడ్చుకున్నాడు. "వీధిలో తెలిస్తే పిచ్చోడంటారు. తల ఎత్తుకోని తిరగలేము" అన్నాడు. ఆయన తలను ఆయనకే వదిలేసి, నేను బిడ్డను తీసుకుని బస్సెక్కాను.

తిరుపతిలో డాక్టరమ్మ నన్ను బయట కూర్చోబెట్టి వాడితో చాలాసేపు మాట్లాడింది. యూరిన్ టెస్ట్ చేయించింది. "గంజాయమ్మా. ఏడాది దాటింది మొదలుపెట్టి. దాంతో సైకోసిస్ వచ్చింది, లేని గొంతులు వినిపిస్తాయి. ఇది దెయ్యమూ కాదు, చెడ్డ బుద్ధీ కాదు. జబ్బు. మందులు ఆపకుండా వాడాలి. అలవాటు మాన్పించే రెసిడెన్షియల్ సెంటర్‌లో మూడు నెలలు ఉండాలి" అంది.

"ఇంట్లోనే పెట్టుకోని సూసుకోలేమా మేడమ్?" అని అడిగాను.

"ఇంట్లో నువ్వుంటావు. వీధిలో గంజాయి అలవాటు చేసినవాళ్లుంటారు గదమ్మా."

సెంటర్ వెతకడం ఇంకో నరకం. ఒకచోట గేటుకు గొలుసు, లోపల తాగుడు మానడానికి వచ్చిన పెద్దవాళ్ల మధ్య మీసాలు రాని పిల్లలు. "రెండు తగిలిస్తే దారికొస్తారమ్మా" అన్నాడు అక్కడి మేనేజరు. చెంపదెబ్బలే మందైతే మా ఇంట్లోనే నయమై ఉండాలి కదా. చివరికి రేణిగుంట వైపు, పిల్లలకు వేరే వార్డు ఉన్న సెంటర్ ఒకటి డాక్టరమ్మే చెప్పింది.

మొదట్లో గంజాయి మానేసిన బాధ, విత్‌డ్రాయల్. నిద్ర లేదు, ఒళ్లంతా చెమటలు, ఊరికే కోపం. ఫోన్ ఇస్తే నన్ను నోటికొచ్చినట్టు తిట్టేవాడు. "నువ్వు అమ్మవేనా? కుక్కనన్నా ఇట్ల కట్టెయ్యరు" అన్నాడు. మందులు పట్టేకొద్దీ వినిపించే గొంతులు తగ్గాయి. రెండో నెలలో ఒక ఆదివారం నేను తీసుకెళ్లిన అన్నమంతా తిని, "చింతకాయ తొక్కులో ఇంకొంచెం కారం ఎయ్యమని అవ్వకు చెప్పు" అన్నాడు. తిరిగి వస్తూ బస్సులో ఏడ్చాను. అది సంతోషంతోనే.

ఆ మాట ఇంట్లో చెప్పడమే తరువాయి. మా వైపు ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి కొండ మీది సామికి కావడి మోస్తారు. పసుపు బట్టలు, భుజాన పూల కావడి, దారి పొడవునా హరోం హర. మొక్కితే తీర్చాల్సిందే, లేకుంటే కీడని భయం. మనవడు బాగైతే ఈ ఏడే కావడి ఎత్తిస్తానని మా అత్త నాతో చెప్పకుండా మొక్కేసింది. వాడు కడుపునిండా తిన్నాడంటే ఆమె లెక్కలో బాగైపోయినట్టే.

మా ఆయన, అత్త కారు మాట్లాడుకుని సెంటర్‌కు బయలుదేరారు. ఆపగలనేమోనని నేనూ ఎక్కాను. కౌన్సెలర్ బతిమాలాడు. "ట్రీట్‌మెంట్ సగంలో ఉంది సార్. ఇప్పుడు తీసుకుపోతే రీలాప్స్ అవుతుంది, మళ్లీ గంజాయికి పోతాడు."

"సామి కాడికి పోతా ఉండాము సార్, సారాయంగడికి కాదు" అన్నాడు మా ఆయన.

శరవణ వార్డు గుమ్మంలోనే నిలబడిపోయాడు. "నేను రాను నాయనా. ఆడ నా గంజాయి నేస్తులంతా ఉంటారు. నాకింకా ధైర్యం లేదు."

"సామి ఉండంగా ధైర్యమెందుకురా కన్నా" అంది అత్త.

నేను వద్దని అరిచాను. ఆఫీసులో కూర్చున్నతను నా వైపు చూడకుండానే "తండ్రి సంతకం చాలమ్మా" అన్నాడు. వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకుపోతున్నామని రాసిన చోట ఆయన సంతకం పెట్టాడు.

కావడి దీక్షలో ఇంగ్లీషు మందు పనికిరాదని అత్త మాత్రలు ఆపించింది. నేను చాటుగా ఇవ్వబోతే వాడి చేతిలోంచి లాక్కుంది. కొండ మీద పాత స్నేహితులంతా పసుపు బట్టల్లో, నుదుట విభూతితో మా పక్కనే నడిచారు. దిగేటప్పుడు నీళ్లు తాగి వస్తామని వాడిని వెంటబెట్టుకుపోయారు. వచ్చేసరికి వాడి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "ఎండకు అలిసినాడులే" అంది అత్త.

సెంటర్‌కు ఫోన్ చేస్తే బెడ్ వేరేవాళ్లకు ఇచ్చేశామన్నారు. ఖాళీ అయ్యేదాకా ఆగమన్నారు. ఈలోగా వాడికి గొంతులు మళ్లీ మొదలయ్యాయి. ఒక పొద్దున, నడుస్తున్న మగ్గంలో వాడు చెయ్యి పెట్టాడు. "దాని నోరు మూస్తా ఉండానమ్మా" అన్నాడు. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి.

ఆస్పత్రికి పలకరించడానికి వచ్చినవాళ్లు ఏమన్నారో తెలుసా? "సామి కాపాడినాడు, సెయ్యి మొత్తం పోలా." నేను ఏడుపులో వినలేదనుకున్నారు. విన్నాను. ఎవరెవరు అన్నారో కూడా గుర్తుంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. పాపం అందరూ పంచుకున్నారు, వేళ్లు మాత్రం నా బిడ్డవే పోయాయి.

చెయ్యి మానాక మళ్లీ అదే సెంటర్‌లో చేర్చాను. ఈసారి డాక్టరమ్మ చెప్పినంత కాలం పూర్తిగా ఉన్నాడు. ఇప్పుడు మేమిద్దరం తిరుపతిలో ఒక గదిలో ఉంటున్నాం. నేను బట్టల దుకాణంలో పనిచేస్తాను. వాడు ఎడమచేత్తో రాయడం నేర్చుకుని ఇంటర్ పరీక్షలకు చదువుతున్నాడు. మాత్రలు, ఫాలో అప్, అప్పుడప్పుడూ యూరిన్ టెస్ట్ నడుస్తూనే ఉన్నాయి. "బాగుండాడు అను. బాగైపోయినాడు అని మాత్రం అనొద్దమ్మా" అంటుంది డాక్టరమ్మ. మా ఆయన ఆదివారాలు వస్తాడు, కాఫీ తాగి వెళ్తాడు. క్షమించావా అని బంధువులు అడుగుతారు. లేదు.

మీకు ఒక్కటే చెబుతాను. బిడ్డను చేర్చే రోజునే, మధ్యలో పంపాలంటే తల్లీ తండ్రీ ఇద్దరి సంతకాలూ ఉండాలని, బిడ్డను ఒంటరిగా అడిగి, సరేనన్నాకే పంపాలని సెంటర్ వాళ్లతో రాయించుకోండి. మొగమాటపడొద్దు. మా వాడు రానన్నాడు. ఆ రోజు అక్కడ దేవుడి గురించి తెలిసినవాళ్లున్నారు, మందుల గురించి తెలిసినవాళ్లున్నారు. వాడి భయం ఎంతో తెలిసినవాడు వాడొక్కడే.