ఇటలీ గేరు, జపాన్ గేరు

మా అక్క భర్తకు, అంటే మా బావకు, ఒక మొండి నమ్మకం ఉండేది. పాత రేసు సైకిళ్లలో గేరు మారడమంటే ఇటలీ వాళ్లదేనట. ఆయనది ఇటలీ సైకిలు, నాది జపాన్‌ది. రెండూ మేము బెంగళూరులో పాత సామాన్ల అంగడిలో ఒకేరోజు కొన్నవి. మా గొడవంతా వెనక చక్రం దగ్గర వేలాడే డీరైలర్ గురించే. చైనును ఒక పళ్లచక్రం మీద నుంచి ఇంకోదాని మీదికి తోసేది అదే.

ఆదివారం పొద్దున్నే కర్నూలు నుంచి కోడుమూరుకు తొక్కేవాళ్లం. అక్కడ టీ తాగి, సైకిళ్లు మార్చుకుని తిరిగొచ్చేవాళ్లం. ఎవరిది బాగుందో తేలాలంటే ఒకరిది ఒకరు తొక్కాల్సిందే కదా! ఈ కాలం సైకిళ్లలా వీటిలో గేరు పడితే టిక్కుమనదు. హ్యాండిలు కింది గొట్టానికి ఉండే లీవరును మెల్లగా కదుపుతూ, చైను సరిగ్గా కూర్చుందో లేదో చెవితో పట్టుకోవాలి. నాది ఎక్కుడులో కూడా చటుక్కున మారేది. బావ సైకిలుది ఒట్టి బద్ధకం. లీవరును కాస్త ఎక్కువే లాగి, మళ్లీ వెనక్కి తేవాలి. ఆ మాటంటే ఒప్పుకునే మనిషా! నా సైకిలెక్కినప్పుడు కావాలనే లీవరును సగంలో ఆపి, చైనును గరగరలాడించేవాడు.

"ఇన్నావా? కారం మిల్లు మాదిరి ఉండాదప్పా నీ జపాన్‌ది" అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

పోయిన ఎండాకాలం బావకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. వెనక గేరు లీవరు ఉండేది కుడివైపే. ఆయన ఆస్పత్రి నుంచి ఇంటికి రాగానే నేనే ఆయన సైకిలు వైరు తిప్పి, ముందు గేరుకని ఉండే ఎడమవైపు లీవరుకు తగిలించాను. మళ్లీ సైకిలు తొక్కలేడని డాక్టరు ముందే చెప్పాడు. అయినా ఒక్క గేరు మారితే చాలు, మనిషికి పట్టుదల వస్తుందని నా ఆశ. మంచం పక్కనే ఆ సైకిలును వెనక చక్రం గాల్లో తిరిగేలా స్టాండు వేసి నిలబెట్టాను. నేను చేత్తో పెడలు తిప్పుతుంటే బావ ఎడమచేత్తో లీవరు లాగాడు.

చైను గరగరమంది. మళ్లీ లాగాడు. ఈసారి చక్రం మీద నుంచి జారి కిందికి వేలాడింది.

బావ చెయ్యి తీసేశాడు. "నీదే బాగుండాది లేప్పా" అన్నాడు, మాట ముద్దముద్దగా.

ఇన్నేళ్లూ ఆ ఒక్క మాట కోసమే ఆయనతో తగువు పడ్డాను. తీరా విన్నాక నా గుండె పగిలిపోయింది. గబగబా బయటికి పోయి నా సైకిలు తెచ్చి, ఆయన ముందే తలకిందులుగా నిలబెట్టాను. ఒక చేత్తో పెడలు తిప్పుతూ, ఇంకో చేత్తో లీవరును సగంలో ఆపాను. గది నిండా గరగర.

"చూడు బావా, నాదీ అంతే!" అన్నాను.

తలుపు దగ్గర నిలబడ్డ అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావ లీవరు మీదున్న నా చేతికేసి చూశాడు.

"చాల్లేప్పా" అన్నాడు. "నా చెవులు బాగానే ఉండాయి."