అన్న చేతికి చేసిన పిడి

మా పెద్దన్న కుడిచేతిని ఎలుగుబంటి నమిలిన ఏడు మా చేను బీడుపడింది. బెల్లంపల్లికి ఆవల, అడవి అంచున ఉన్న జొన్నచేను అది. ఇప్పపువ్వు రాలే రోజుల్లో గట్టు చూడబోయిన మనిషిని మంచం మీద మోసుకొని వచ్చారు. ప్రాణం దక్కింది. బొటనవేలు, చూపుడువేలు దక్కాయి. మిగిలిన మూడు వేళ్లు అరచేతిలోకి ముడుచుకొని అట్లే బిగిసిపోయాయి.

తుపాకి చప్పుడు లేనిదే ఆ నేల పండదు. కంకి పాలుపోసుకున్ననాటి నుండి అడవిపందులు మందలుగా దిగి, కాపలా లేని చేనును నేలమట్టం చేసిపోతాయి. తుపాకికి మా ఇంట కొరత లేదు. జాగీర్లు రద్దయిన కాలాన ఒక జాగీర్దారు సొత్తంతా అమ్ముకొని వెళ్లిపోతుంటే, అన్న దానిని కొని లైసెన్సు తన పేర మార్పించుకున్నాడు. ఒక తూటా పేలగానే మరొకటి దానంతటదే ఎక్కే విలాయతి రకం. కాని దాని కుందా, అనగా భుజానికి ఆనించే కర్రభాగం, మీట వద్ద సన్నని మెడవలె సాగి ఉండేది. ఆ మెడను చుట్టి పట్టేందుకు మూడు వేళ్లూ కావాలి. గాయం మానిన పిమ్మట అన్న ఒక్కమారు పేల్చి చూశాడు. తుపాకి చేతిలోనుండి ఎగిరి బురదలో పడింది. దానిని తుడిచి మూలన నిలబెట్టి, ఆ వానాకాలమంతా దానివైపు చూడలేదు.

నేను అప్పటికి కరీంనగరంలో తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతుకుతున్నాను. మరుసటి వేసవి సెలవులకు వచ్చినప్పుడు అన్న నన్ను వెంటబెట్టుకొని నిర్మల్ బయలుదేరాడు. అక్కడ కొయ్యబొమ్మలు చేసే ఒక పెద్దమనిషి ఆయనకు పాత స్నేహితుడు. తుపాకిని అటూ ఇటూ తిప్పి చూసి ఆయన నవ్వాడు.

“ఇన్నొద్దులు సీతాఫలాలు, జామకాయలు చేసుకుంట బతికిన. గిప్పుడు తుపాకికి చెయ్యి చెయ్యమంటున్నవా పటేలా?”

“తుపాకికి కాదు, నాకు చెయ్యి. జర జల్ది చెయ్యి, వానలు పడే యాళ్లయింది.”

చింతగింజల అంబలిలో రంపపుపొట్టు కలిపి ఒక ముద్ద చేశాడాయన. బొమ్మల మీద పూసే ముద్దయే అది. దానిని అన్న చేతిలో పెట్టి పట్టుకొమ్మన్నాడు. ముడుచుకొన్న వేళ్ల అచ్చు అందులో దిగింది. అది ఎండిన పిదప, అదే ఆకారాన జిట్రేగి కర్రతో పిడి చెక్కి, కుందా మెడకు కిందుగా మరలతో బిగించాడు. మోచీ చేత ఒక తోలుపట్టీ కుట్టించి, అరచేతిని పిడికి కట్టివేసేటట్లు అమర్చాడు. భుజానికి ఆనే చోట లారీ ట్యూబు రబ్బరు మడిచి వేశాడు. అన్న చేయి అందులో పెట్టాడు. ఆ వంకర వేళ్లన్నీ తమతమ గాడుల్లోకి వెళ్లి కుదురుకొన్నాయి. ఆయన చాలాసేపు చేయి తీయలేదు.

ఆ ఏడు చేను పండింది. అన్న పిడి సంగతి ఊళ్లో చెప్పని ఇల్లు లేదు. వదిన ఎత్తిపొడిచేది: “పెండ్లినాడు నా చెయ్యి పట్టుకున్నప్పుడు గూడ గింత సంబురపడలే మీ అన్న.”

పంట ఇల్లు చేరిన కొద్దిరోజులకు, నేను సెలవులకు ఇంట ఉండగా, ఒక పై అధికారి అడవి చూడవచ్చి మా ఇంట దిగాడు. రెండు ప్రాంతాలు ఒక్క రాష్ట్రమైన తొలి సంవత్సరాలవి. ఆయన కోస్తా జిల్లాలనుండి బదిలీ అయి వచ్చినవాడు, మాటతీరు మెత్తని మనిషి. భోజనానంతరం గోడనున్న తుపాకిని చూసి దించమన్నాడు.

“భలే ఉందండీ. ఇలాంటిది మా వైపు నేనెక్కడా చూళ్లేదు.”

అన్న దానిని రెండు చేతులా ఎత్తి ఆయన ముందుంచి అన్నాడు: “మీదే అనుకోండ్రి సాబ్.”

మా పరగణాల్లో ఇది తరతరాల మర్యాద. అతిథి ఒక వస్తువును మెచ్చుకొంటే, ఇంటివాడు దానిని మీదే అని చేతికందించాలి. అతిథి దానిని కళ్లకద్దుకొని, మీకే శుభమగుగాక అని తిరిగి చేతిలో పెట్టాలి. అంతటితో మెప్పు ముగుస్తుంది. పాత కాలపు తహసీలుదార్లు మా ఎడ్లను, శాలువాలను ఇట్లే అందుకొని ఇట్లే తిరిగి ఇచ్చిపోయినవారు.

ఆయన తుపాకిని అందుకొన్నాడు. ముఖం వికసించింది. “ఎంత పెద్ద మనసండీ మీది. కాదంటే మిమ్మల్ని చిన్నబుచ్చినట్టవుతుంది. లైసెన్సు మార్పిడి నేను చూసుకుంటాను, మీరు శ్రమపడకండి.” అని దానిని జవానుకు ఇచ్చి జీపులో పెట్టమన్నాడు. అన్న చేతులు ఇంకా చాచే ఉన్నాయి.

జీపు కదలిపోయిన తరువాత వదిన వాకిట్లోకి వచ్చింది. “ఇంగ పందులకు గూడ మీదే అని చెప్పి రాండ్రి. జొన్నంత అప్పజెప్పుండ్రి.”

“నేను పోయి చెప్పి వస్త అన్నా,” అన్నాను. “మన రివాజు ఆయనకు ఎరుక లేదు. చెప్తే సమజైతది.”

“ఏమని చెప్తవ్ తమ్మీ? మా అన్న ఉత్తుత్తగనే అన్నడని చెప్తవా?”

“ఉన్నదున్నట్టు చెప్త.”

“గాయిన దొంగతనం చేసిండా? నేను ఇచ్చిన, ఆయిన తీసుకున్నడు. ఇచ్చినంక వాపస్ అడిగినోడిని అయితనా నేను? నువ్వు పోతే నా మీద ఒట్టే.”

నేను వెళ్లలేదు. కాగితాల మీద సంతకానికి పిలుపు వస్తే అన్న ఎడమచేత్తో సంతకం చేసివచ్చాడు. కొన్ని వారాలకు అదే జవాను సైకిలు మీద వచ్చి ఒక గుడ్డమూటను అరుగు మీద పెట్టాడు.

“సాబ్ చేతికి గిది అడ్డమొస్తుందట పటేలా. మరలు విప్పించిండు. వాళ్ల సామాను మనకెందుకు, ఇచ్చి రా అన్నడు. మస్తు సలాములు చెప్పమన్నడు.”

మూటలో పిడి ఉంది, తోలుపట్టీతో సహా. రబ్బరు మాత్రం ఆయనకు పనికివచ్చిందేమో, రాలేదు. అన్న పట్టీ సడలించి చేయి దూర్చాడు. వేళ్లు యథాప్రకారం కుదురుకొన్నాయి. పట్టుకొనేందుకు ఆ పైన ఏమీ లేదు. జవానుకు మజ్జిగ ఇప్పించి పంపాడు.

మరో తుపాకికి లైసెన్సు అడుగుదామంటే, ఉన్నది దానమిచ్చినవాడివి నీకెందుకయ్యా అని తాలూకా కచేరీలో నవ్వారు. మరుసటి వానాకాలం అన్న రేకుడబ్బా కర్రతో మోగిస్తూ మంచె మీద కూర్చున్నాడు. పందులు రెండు దినాలు ఆ మోతకు బెదిరి, మూడవనాడు అలవాటుపడ్డాయి. కోతకు కంకి మిగలలేదు. ఉగాదికి చేను పాలుకు ఇచ్చివేశాడు. పాలుకు తీసుకొన్న రైతు అక్కడ తన మందుగుండు తుపాకితో కాపలా కాస్తుంటే, మా అన్న అడవి దారిన పోవడమే మానివేశాడు.

తరువాత కొన్నేళ్లకు కరీంనగరంలో మా బడి వార్షికోత్సవానికి ఆ అధికారే ముఖ్యాతిథిగా వచ్చాడు. నన్ను ఆనవాలు పట్టి దగ్గరకు పిలిచి, నా భుజం మీద చేయివేసి, చుట్టూ ఉన్నవారికి చెప్పాడు: “వీరి అన్నగారండీ, నోరు తెరిచి అడక్కుండానే తుపాకి బహూకరించిన మనిషి. ఈ జిల్లాల వారి ఔదార్యం అలాంటిది. ఇప్పటికీ వేటకి అదే పట్టుకెళ్తాను.”

అందరూ నావైపు తిరిగి చప్పట్లు కొట్టారు. నేను చేతులు జోడించి నిలబడ్డాను.