గోపి పెట్టిన బీరు

నేను తాగను. ముందుగాలే చెప్తున్న, తర్వాత నన్నెవ్వరు అడుగొద్దు. నా పేరు యూసుఫ్. గద్వాల పాత బస్టాండు కాడ నాది సోడా దుకాణం. ఇరవై రెండేండ్ల సంది గోలీసోడా, నిమ్మసోడా అమ్ముకుంట బతుకుతున్న. షరాబు నా నాలుక మీద పడలే, పడదు. గయినా గోపి పెట్టిన బీరుకు ఇరవై దినాల పైన కావలి కాసింది నేనే. అది పాడైనప్పుడు పక్కన నిలవడ్డది గూడ నేనే. అందుకే వాని ముచ్చట ఇంకొకరు చెప్తే నాకు ఒళ్లు మండుతది.

గోపి మా ఎనక గల్లీల ఉండే చిన్నయ్య కొడుకు. చిన్నయ్య మామ నలభై ఏండ్ల సంది ఊరి బయటి ఈతచెట్లెక్కి కల్లు గీస్తుండు. కొడుకును మాత్రం చెట్టు ముట్టనియ్యలే. "నా కాళ్లు సూడు యూసుఫ్, చెట్టెక్కే మోకుతాడు కోసి కోసి బండవారినయి. వానికి గీ బతుకొద్దు" అని ఇంటరు దాంక సదివించిండు. ఇంటరు ఫేలైనోడు ఏం జేస్తడు? బెంగుళూరు పోయిండు. ఆడ ఒక బీరు హోటల్ల పనికి కుదిరిండు. ఆన్నే బీరు కాసి, ఆన్నే గిలాసలల్ల పోసి అమ్ముతరట. గోపి పని ట్యాంకులు కడుగుడు. లోపలికి దూరి, వేడినీళ్లు, మందునీళ్లు కొట్టి, మెరిసేదాంక రుద్దుడు. ఆరేండ్లు గదే పని. పండుగకొచ్చినప్పుడల్లా నా బల్ల మీద కూసోని మురిసిపోతుండె. "నేను కడిగిన ట్యాంకుల ఒక్క మరక సూపెట్టమను భాయ్, పేరు మార్చుకుంట" అంటుండె.

ఒకనాడు ఆ హోటలు మూతవడ్డది. పెండ్లాం ఉమారాణిని తీసుకోని గద్వాల వచ్చి పత్తి మిల్లుల బస్తాలెత్తుడు మొదలువెట్టిండు. ముక్కుల పత్తి, చెవులల్ల పత్తి, రెప్పల మీద పత్తి. దగ్గుకుంట వస్తడు, సోడా తాగి పోతడు. నవ్వుడు మర్సిపోయిండు. నేను ఏమన్న మజాకు చేసినా "అవు భాయ్" అంటడు, అంతే. ఏం అవురా నీ మొకం, అని తిడుదుమనిపిస్తది. తిట్టబుద్ధి గాదు.

పోయిన డిసెంబరుల వానికి ఫోనొచ్చింది. ఆ హోటల్ల బీరు కాసే పెద్ద మేస్త్రీ ప్రదీప్ హైదరాబాదుల కొత్త జాగల చేరిండు, తన కింద బీరు కాసేటోడు ఒకడు కావాలన్నడట. గాని ఒక షరతు పెట్టిండు. కడిగేటోళ్లు ఎంతమందన్న దొరుకుతరు, నీ చేత్తోని నువ్వు బీరు పెట్టి సూపెట్టు, అది గూడ ఐపీఏ పెట్టు అన్నడు. జనవరి ఇరవైకి బెంగుళూరు నుంచి కార్ల పోతా పోతా ఎర్రవల్లి చౌరస్త కాడ మల్లుకొని గద్వాల వస్తడట. రుచి సూస్తడు, బాగుంటే గోపి వెంటనే ఎక్కి పోవుడే. సామాను గూడ గాయనే పార్సల్ పంపిండు. ఒక్క డబ్బా, ఒక్కసారి కాసేటంత.

ఐపీఏ అంటె ఏందిరా అని అడిగిన. "చేదు బీరు భాయ్. చేదు అంటె ఉత్త చేదు గాదు, పండ్ల వాసన రావాలె. జర తేడా వస్తే దొరికిపోతం" అన్నడు. చేదు తాగనీకె గంత తిప్పలెందుకు, వేపాకు నమిలితే అయిపోతది గద అన్న. శాన దినాల తర్వాత గప్పుడు నవ్విండు.

"దుకాణం ఎనక అర్ర నాకియ్యి భాయ్" అని అడిగిండు. "మా ఇంట్ల గాలిల గూడ కల్లే ఉంటది. దాని పులుపు ఒక్క సుక్క తగిలినా బీరు కరాబే. గీ మాట నాయనకు చెప్పకు, రోషమొస్తది." నేను ఇన్న. సరే అన్న. ఇన్న గాని మనసుల పెట్టుకోలే. గదే నా ఖర్మ.

మా ఇంటామె హాజిరా ఊకుంటదా? "ఐదు పూటల నమాజుకు పోతవు, ఎనక అర్రల షరాబు కాపిస్తవా?" అని ఎగిరింది. అది ఇంకా షరాబు గాదే, చక్కెరనీళ్లు అన్న. "మరి అయ్యేదాంక కూసోని దువా చేస్తవా?" అన్నది. ఏం చెప్పాలె నేను? ఆబ్కారోళ్లకు తెలిస్తే నా దుకాణం మీదికే వస్తదన్న భయం గూడ ఉండె. గయినా వాని మొకం సూసి తాళంచెవి ఇచ్చిన.

డిసెంబరు ఆఖరి ఆదివారం బీరు పెట్టిండు. బకెట్టు కడిగిండు, గరిటె కడిగిండు, మల్ల బకెట్టు కడిగిండు. నన్ను గూడ చేతులు కడుగుమన్నడు. నేను తాగేటోన్ని గాదు, ముట్టేటోన్ని గాదు, నాకెందుకురా అంటె ఇన్లే. డబ్బాల ఉన్నది నల్లటి పాకం, బెల్లం పాకం లెక్కనే ఉంది. పెద్ద గిన్నెల నీళ్లు మసలవెట్టి అండ్ల కలిపిండు. పచ్చటి గోలీలు ఏసిండు. అవి ఏదో తీగె పూతనట, ఎండవెట్టి దంచి గోలీలు చేస్తరట. అర్రంత నిమ్మాకు వాసన, మామిడితొక్క వాసన. సోడాకొచ్చినోళ్లు "ఏం వండుతున్నవ్ యూసుఫ్ భాయ్?" అని ముక్కులెగేసిన్రు. కషాయం అన్న. అబద్ధమైతే గాదు.

గిన్నెను ఐసు నీళ్లల్ల సల్లార్చి, బకెట్ల పోసి, పొట్లంల ఉన్న పొడి సల్లిండు. గా పొడే దాన్ని బీరు చేస్తదట. మూత బిగించి, మూతకు ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం పెట్టి, గొట్టంల జర నీళ్లు పోసిండు. లోపలి గాలి ఆ నీళ్లల్లకెళ్లి బుడుక్ బుడుక్ అనుకుంట బయటికి రావాలె, అట్లొస్తే బీరు లేసినట్టు. బకెట్టును నీళ్ల టబ్బుల పెట్టి, పూటకు రెండు ఐసుసీసలు మార్చే పని నాకు చెప్పిండు. "మూత మాత్రం తెరవొద్దు భాయ్, నీ కాళ్లు మొక్కుత." ఆ దినం వాని చేతులు సూస్తే నాకే ముచ్చటేసింది. ఒక్క సుక్క కింద పోనియ్యలే.

తెల్లారి మిల్లుల నుంచి ఫోన్ చేసిండు. "బుడుక్కుమందా?" లేదన్న. "అయితది తియ్యి. సల్లగుంది గద, ఒకటిన్నర దినం పడ్తది. పరేషాన్ గాకు." వాడు గట్లన్నడు గాని నాకు కాలు నిలువలే. నిమిషానికోసారి పోయి ఆ గొట్టం దిక్కు సూసుడే.

పగటీలి చిన్నయ్య మామ సైకిల్ మీద వచ్చిండు. సైకిలుకు కల్లు లొట్టి యాలాడుతుంది. "ఏదీ, మావోని సరుకు జర సూపెట్టు" అన్నడు. తండ్రి గద, ఎట్ల వద్దంట? అర్రలకు తీస్కపోయిన. మూత మీద చెవి పెట్టిండు. శాన సేపు పెట్టిండు.

"సప్పుడు లేదు యూసుఫ్. ఇది సచ్చింది" అన్నడు. ముసలాయన కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "వాడు ఎవ్వనికి చెప్పుకోడు. గిది పోతే ఇగ ఆ పత్తిలనే పోతడు."

అంతల గాయన మూత తీసిండు, లొట్టి ఒంచి ఒక గిలాసెడు కల్లు బకెట్ల పోసిండు. "లొట్టిని కడిగి ఆరవెడితే కల్లు లేవదు. అడుగున నిన్నటిది జర ఉంచాలె, గదే ఇయ్యాల్టిదాన్ని లేపుతది. మా తాత నాటి పద్ధతి. వీడు కడిగి కడిగి సంపిండు దాన్ని" అన్నడు. మల్ల నా చెయ్యి పట్టుకున్నడు. "వానికి చెప్పకు. నాయన చెయ్యి పెట్టిండంటె పోరడు సిన్నవోతడు."

గోపి చెప్పిన మాట అప్పుడు యాదికి రాలేదని నేను అబద్ధమాడ. వచ్చింది. గాని నలభై ఏండ్లు గదే పని చేసిన చెయ్యి, ఉత్త సోడా అమ్ముకునేటోన్ని నేనేం చెప్పాలె అనుకున్న. నా నోరు పడిపోను! ఒక్క మాట అంటె ఏం పోతుండె నాకు?

మాపటికి గొట్టం బుడుక్కుమంది. గోపి మిల్లు నుంచి అట్లనే వచ్చిండు, నెత్తి నిండ పత్తి. గొట్టం సూసిండు. "లేసింది భాయ్!" అని నన్ను కావలిచ్చుకున్నడు. నా అంగి నిండ పత్తే అయ్యింది. దుకాణం ముందట చిన్నయ్య మామ నన్ను సూసి మెల్లగ నవ్విండు, నేను గూడ నవ్విన. ఉమారాణి ఆ వారంలనే వాని మంచి అంగీలు ఇస్త్రీ చేయించి బ్యాగుల పెట్టింది. ఆ అమ్మకు అంత నమ్మకం.

పది దినాలకు గోపి మూత తీసిండు, గోలీలు మల్లొకసారి ఎయ్యాలెనట. వంగి వాసన సూసిండు. సూసి అట్లనే ఉండిపోయిండు. ఏందిరా అంటె ఏం లేదు భాయ్ అన్నడు. గోలీలు ఏసిండు, మూత వెట్టిండు. ఆ దినం సోడా ఇస్తే తాగలే. ఇంకో నాలుగు దినాలకు సీసలల్ల నింపి బిరడాలు కొట్టిండు. మనిషి మల్ల ఎనకటి లెక్కనే నవ్వుడు మానిండు. భయపడుతుండేమో అనుకున్న నేను.

ఇరవై తారీఖు పగటీలి ప్రదీప్ వచ్చిండు. చిన్నయ్య మామ తెల్ల ధోతి కట్టుకోని గంట ముందుగాలే నా బల్ల మీద కూసున్నడు. గోపి బిరడా తీసిండు. తీసుడే ఆలస్యం, సగం సీస నురుగై నేల మీద పారింది. మిగిలింది గిలాసల పోసిచ్చిండు. ప్రదీప్ వాసన సూసిండు, ఒక్క గుక్క నోట్ల పోసుకున్నడు, బయటికి పోయి మోరీల ఉమ్మేసిండు.

"పులిసిపోయింది గోపీ. బయటిదేదో కలిసింది. ఎలా కలిసింది?"

చిన్నయ్య మామ ఏదో చెప్పనీకె నోరు తెరిసిండు. అంతల గోపి అందుకున్నడు. "నాదే తప్పు సార్. బకెట్టు సరిగ కడుగలే."

ప్రదీప్ వాని దిక్కు అట్లనే సూసిండు. కోపం గాదు, బాధ. "ఆరేళ్లు ట్యాంకులు కడిగావు కదయ్యా. నీకు కడగడం కూడా రాదా?"

"రాదు సార్."

ఆయన గోపి భుజం తట్టి కారెక్కిండు. చిన్నయ్య మామ తువ్వాల దులుపుకోని, కొడుకు మొకం సూడకుంట పోయిండు.

నాకు నిద్ర పట్టలే, అన్నం పోలే. తెల్లారి గోపి సోడాకొస్తే అంతా కక్కేసిన. మీ నాయన కల్లు పోసిండురా, నేను సూసుకుంట నిలవడ్డ, కొడితే కొట్టు అన్న.

"నాకెరుకే భాయ్" అన్నడు. "మూత తీసిన దినమే ఎరుకైంది. పుట్టినప్పటి సంది ఆ వాసనల పండుకున్నోన్ని, నాకు తెల్వదా?"

"మరి ఆ సార్‌కు ఎందుకు చెప్పలేదురా, పిచ్చోడా?"

"నాయన ముందటనే ఉండె గద. కొడుకు బతుకు తన చేత్తోనే పాడైందని తెలిస్తే, పొద్దుగాల చెట్టెక్కినోడు మల్ల కిందికి దిగుతడా భాయ్?"

ఇప్పుడన్న ఆ సార్‌కు ఫోన్ల చెప్పు అన్న. చెయ్యలే. నేనే నంబరు తీసుకోని చేసిన. ఎవరినో పెట్టుకున్నమని చెప్పిన్రు. తండ్రికి ఎన్నటికి చెప్పనని గోపి నాతోని ఒట్టు ఏయించుకున్నడు. ఉమారాణి బ్యాగుల అంగీలు తీసి మల్ల దండెం మీదేసింది. ఆమెకు గూడ వాడు గదే చెప్పిండు, సరిగ కడుగలేదని.

మొన్న ఇద్దరు నా దుకాణం కాడ ఎదురైన్రు. చిన్నయ్య మామ చెట్ల మీంచి వస్తుండు, గోపి మిల్లుకు పోతుండు. ఇద్దరికి సోడా కొట్టిచ్చిన. ముసలాయన సగం తాగి, సీస బల్ల మీద పెట్టి, నా దిక్కు తిరిగిండు.

"ఇగ దాపుడెందుకు యూసుఫ్? సచ్చినదాన్ని నా కల్లు పోసి నేను లేపిచ్చిన. నువ్వు సూసినవు గద, బుడుక్కుమనలే? లేపిచ్చినదాన్ని గూడ కాపాడుకోలే వీడు. వీని చేతుల ఏం లేదు."

నేను గోపి దిక్కు సూసిన. నోటి దాంక వచ్చింది నాకు, వాడు కండ్లతోనే వద్దన్నడు.

"అవు నాయనా. నాకు చేతగాలే" అని, తువ్వాల మూతికి కట్టుకోని మిల్లుకు పోయిండు.